నాలుగు వాక్యాల కాగితం

మా అమ్మాయికి బొమ్మలంటే ప్రాణం. చిన్నప్పుడు నోట్‌బుక్ మూలల్లో పిల్లి పరిగెడుతున్నట్టు వరసగా గీసి, పేజీలు గబగబా తిప్పి చూపించేది. ఇప్పుడు పన్నెండో క్లాసు. యానిమేషన్ చదువుతానంటోంది. మేముండేది అమెరికాలో యూటా రాష్ట్రంలో, ఓరెం అనే ఊళ్ళో. పక్క ఊరు ప్రోవో, అందులో బ్రిగం యంగ్ యూనివర్సిటీ. యానిమేషన్‌లో దానికి పెద్ద పేరు. అక్కడి పిల్లలు తీసిన చిన్న చిన్న సినిమాలకు స్టూడెంట్ ఎమ్మీ అవార్డులు చాలాసార్లు వచ్చాయి. ఫీజు కూడా అందుబాటులో ఉంటుంది. దాన్ని నడిపేది మార్మన్ల చర్చి. తన సభ్యులు ఆదాయంలో పదో వంతుగా ఇచ్చే దశమభాగాల డబ్బు దానికి పెడుతుంది. సభ్యుల పిల్లలకు ఒక ఫీజు, మాలాంటి బయటివాళ్ళకు దానికి రెట్టింపు. ఆ రెట్టింపు కూడా ఇక్కడి చాలా ప్రైవేటు యూనివర్సిటీల ఫీజు కంటే బాగా తక్కువ.

ఆ మధ్య ఒక శనివారం పొద్దున తనూ నేనూ వంటింటి టేబుల్ దగ్గర కూర్చుని అప్లికేషన్ తెరిచాం. స్టవ్ మీద టీ పెట్టాను. హానర్ కోడ్ అని ఒక పేజీ వచ్చింది. చేరేవాళ్ళు ఎవరైనా దానికి ఒప్పుకోవాలి. తను పైకి చదువుతోంది, నేను వింటున్నాను. మద్యం, పొగాకు వద్దు. టీ, కాఫీ వద్దు. మగపిల్లలు గడ్డం పెంచకూడదు. చర్చికి క్రమంగా వెళ్ళాలి. స్త్రీపురుషుల పెళ్ళి బయట శారీరక సంబంధం కూడదు. ఆ మాట వెంటే, ఒకే లింగం వాళ్ళ మధ్య ప్రేమ ప్రవర్తన కూడదు. ఇంకోచోట, తోటివాళ్ళు కూడా ఈ కోడ్ పాటించేలా ప్రోత్సహించాలి.

అక్కడ ఆగింది. "అమ్మా, ప్రోత్సహించడమంటే ఏంటి? నా ఫ్రెండ్ ఇంకో అమ్మాయి చెయ్యి పట్టుకుని నడిస్తే నేను వెళ్ళి ఎవరికైనా చెప్పాలా?"

టీ పొంగి స్టవ్ మీద పడింది. లేచి మంట తగ్గించాను, గుడ్డ తెచ్చి తుడిచాను. తుడవాల్సినదానికంటే ఎక్కువసేపే తుడిచాను. ఆ ప్రశ్నకు ఇరవై ఎనిమిదేళ్ళ కిందట నేనొక జవాబు రాసిచ్చాను, తెల్లకాగితం మీద. ఆ సంగతి మా ఆయనక్కూడా ఎప్పుడూ చెప్పలేదు.

1997. నేను డిగ్రీ రెండో సంవత్సరం, బీకాం. కోస్తాలో ఒక ఊళ్ళో సిస్టర్స్ నడిపే ఆడపిల్లల కాలేజీ. పేరు చెప్పను. మాది లూథరన్ కుటుంబం, రాజమండ్రి దగ్గర. నాన్నగారు స్కూలు టీచరు, మా చర్చిలో సంఘ పెద్ద. సిస్టర్స్ దగ్గరైతే పిల్ల భద్రంగా ఉంటుందని అక్కడ చేర్పించారు. హాస్టల్లో పొడుగాటి హాలు, అటు ఆరు ఇటు ఆరు ఇనప మంచాలు. ప్రతి మంచానికీ దోమతెర, నాడాలతో కిటికీ ఊచలకు కట్టుకునేవాళ్ళం. మంచం కింద ట్రంకుపెట్టె. ఇంటి నుంచి వచ్చిన ఉత్తరాలు విప్పి చదివాకే మా చేతికిచ్చేవారు. తలుపు వెనక టైపు చేసిన నియమాల కాగితం అంటించి ఉండేది. అందులో ఒకటి, ఒక మంచం మీద ఒకరే పడుకోవాలి. మేమెవరం దాన్ని పట్టించుకున్నది లేదు. జ్వరమొస్తే, పరీక్ష తప్పితే, ఇల్లు గుర్తొస్తే పక్క మంచం మీదికి వెళ్ళని పిల్ల ఆ హాల్లో లేదు.

నా పక్క మంచం కోనసీమ అమ్మాయిది. లెక్కల్లో దిట్ట. ట్రయల్ బ్యాలెన్స్‌లో రెండు వైపుల మొత్తాలూ సమానం కావాలి. నాకు ఎప్పుడూ కలిసేది కాదు. ఏడుపు మొహం పెట్టుకుని కూర్చుంటే వచ్చి, తేడా ఎంతో అడిగేది. "తొమ్మిదితో భాగించి చూడు. శేషం లేకుండా పోతే ఎక్కడో రెండంకెలు తారుమారు చేశావు" అనేది. యాభై నాలుగు తేడా వస్తే పోయి పోయి ఎనభై రెండుని ఇరవై ఎనిమిదని రాసి ఉండేదాన్ని. కేకలెయ్యకుండా, నవ్వకుండా చూపించేది. ఈ రోజు డెంటల్ క్లినిక్‌లో బిల్లింగ్ పని చేసుకుంటున్నానంటే ఆమె నేర్పిన లెక్కే. ఇప్పటికీ తేడా వస్తే ముందు తొమ్మిదితోనే భాగిస్తాను.

ఆ ఏడాది మెట్ట ప్రాంతం నుంచి ఒక మొదటి సంవత్సరం అమ్మాయి వచ్చింది. బక్కగా, మోకాళ్ళ దాకా జడ. వాళ్ళిద్దరూ సాయంత్రం నీళ్ళ ట్యాంకు పక్క మెట్ల మీద కూర్చునేవాళ్ళు. పెద్దది చిన్నదానికి నూనె రాసి, చిక్కు తీసి జడ వేసేది. చాపెల్‌కి వెళ్ళేటప్పుడు చేతులు పట్టుకుని నడిచేవాళ్ళు. మన దగ్గర ఆడపిల్లలు చేతులు పట్టుకుని నడిస్తే ఎవరికీ ఏమీ అనిపించదు కదా. మాకూ అనిపించలేదు. తర్వాత ఎవరో చిన్నదాని రికార్డు పుస్తకంలో ఒక ఉత్తరం చూశారట. దాంట్లో ఏముందో నాకు తెలీదు. కానీ ఆ రోజు నుంచి వాళ్ళ గురించి ఒక మాట హాల్లో తిరగడం మొదలైంది. అంతకుముందు రోజు దాకా ఎవరూ చూడని చేతుల్ని ఆ తర్వాత అందరూ చూశారు.

గురువారం రాత్రి స్టడీ అవర్ అయ్యాక వార్డెన్ సిస్టర్ నన్ను గదికి పిలిచింది. తలుపు వేసింది. కోపంగా లేదు. ఆమె కోపంగా ఉండుంటే నేను భయపడి ఏమీ చూడలేదనేదాన్నేమో. "నువ్వు సంఘ పెద్ద కూతురివి, అబద్ధమాడవని నాకు తెలుసు" అంది. పొడుగు కాగితం ఇచ్చింది. "వాళ్ళ గురించి నువ్వేమనుకుంటున్నావో నాకొద్దమ్మా. ఎవరి మనసులో ఏముందో దేవుడు చూసుకుంటాడు. నువ్వు కళ్ళతో చూసింది రాయి, చాలు."

రాశాను. నాలుగు వాక్యాలు. సోమవారం రాత్రి కరెంటు పోయినప్పుడు నాకు మెలకువ వచ్చింది. నా పక్క మంచం మీద ఇద్దరు ఉన్నారు. దోమతెర వేసి ఉంది. వాళ్ళు చేతులు పట్టుకుని ఉన్నారు. కింద సంతకం, రోల్ నంబరు, తేదీ.

అన్నీ నిజాలే. ఆ రాత్రి ఉక్క. ఫ్యాను ఆగిపోయింది. చిన్నది నిద్రపోతోంది. పెద్దది ఒక చేత్తో దాని చెయ్యి పట్టుకుని, రెండో చేత్తో నోట్‌బుక్‌తో విసురుతోంది. ఆపకుండా విసురుతోంది. నేను మళ్ళీ నిద్రపోయేదాకా ఆ అట్ట చప్పుడు వినిపిస్తూనే ఉంది. విసురుతున్న సంగతి రాయలేదు. ఎందుకు రాయలేదో ఇన్నేళ్ళూ ఆలోచించాను. రాయొద్దని ఎవరూ అనలేదు. నియమంలో విసరడం గురించి ఏమీ లేదు, అంతే.

శనివారం కోనసీమ అమ్మాయి వాళ్ళ నాన్న వచ్చాడు. చెప్పులు వరండా కింద విడిచి, కండువా చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. ఆయన్ని కూర్చోమన్నవాళ్ళు లేరు. ట్రంకుపెట్టె రిక్షాలో పెట్టారు. కాలేజీకి దగ్గర్లో ఎక్కడా సీటు దొరక్కుండా టీసీలో ఏం రాశారో తర్వాత మాకు చూచాయగా తెలిసింది. ఆమె కొబ్బరినూనె సీసా కిటికీలో మర్చిపోయింది. క్రిస్మస్ సెలవుల దాకా అక్కడే ఉంది, చలికి సగం గడ్డకట్టి. ఎవరమూ ముట్టుకోలేదు.

ఈ కథ మా అమ్మాయికి ఆ శనివారమే చెప్పాను. ఇక్కడ రాయాలనుకున్నది ఒక్క నా కథ కోసం కాదు. ఈ ఊళ్ళో ఏడేళ్ళుగా ఉంటున్నాను. కొండ కింద ఆ యూనివర్సిటీలో ఇదే మాట మీద ఏం జరిగిందో పేపర్లలో చదువుతూ, కొంత కళ్ళారా చూస్తూ వచ్చాను.

ముందు ఆ చర్చి గురించి. మార్మన్లు అని బయటివాళ్ళం అంటాం. వాళ్ళ అసలు పేరు తెలుగులో యేసుక్రీస్తు కడవరి దిన పరిశుద్ధుల సంఘం. మన వాళ్ళకు కొత్తేమీ కాదు. ధర్మరాజు దంపతులు 1978లో సమోవా నుంచి మిషనరీలుగా హైదరాబాద్ వచ్చి తమ బంధువుల్లో ఇరవై రెండు మందికి బాప్తిస్మం ఇప్పించారు. 2012లో హైదరాబాద్‌లో స్టేక్ ఏర్పడింది, అంటే కొన్ని సంఘాలు కలిసింది, మన భాషలో డయోసిస్ లాంటిది. రాజమండ్రిలోనూ, విశాఖలోనూ వాళ్ళ సంఘాలున్నాయి. తెల్ల చొక్కా, టై, జేబు మీద నల్ల బ్యాడ్జీ పెట్టుకుని జంటగా నడిచే కుర్రాళ్ళని మీరూ చూసే ఉంటారు. కాబట్టి ఇది ఎక్కడో అమెరికా గొడవ అనుకోకండి. ఈ నియమాన్ని నమ్మే ఇళ్ళు గోదావరి గట్టు మీదా ఉన్నాయి. ఆ ఇళ్ళల్లో కూడా ఇలాంటి పిల్లలు పుడతారు.

ఆ చర్చి ఇప్పుడు చెప్పే మాట, ఆకర్షణ పాపం కాదు, ప్రవర్తనే పాపం. ఎప్పుడూ ఇలా అనలేదు. 1970లలో ఆ యూనివర్సిటీలో స్వలింగ ఆకర్షణ ఉన్న మగపిల్లలకు 'నయం' చేస్తామని కరెంటు షాకులిచ్చారు. బొమ్మలు చూపిస్తూ ఒంటికి వైర్లు పెట్టి చేసిన ఆ ప్రయోగం మీద 1976లో అక్కడే ఒక పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథం వచ్చింది. దాంతో పోలిస్తే ఈ రోజు మాట మెత్తనిదే. గే అని చెప్పుకున్నంత మాత్రాన ఇప్పుడు బయటికి పంపరు. 2019 ఏప్రిల్‌లో పొలిటికల్ సైన్స్ విద్యార్థి మాట్ ఈస్టన్ స్నాతకోత్సవ వేదిక మీద, వేల మంది ముందు, తాను దేవుడి కొడుకునని, గే అయినందుకు గర్విస్తున్నానని చెప్పాడు. హాలంతా చప్పట్లు. ఆ ప్రసంగాన్ని ముందే కాలేజీ వాళ్ళు చదివి ఒప్పుకున్నారు కూడా.

అయినా నియమం నియమమే. 2020 ఫిబ్రవరి దాకా హానర్ కోడ్‌లో దీనికోసం ప్రత్యేకంగా ఒక భాగమే ఉండేది. శారీరక సంబంధం ఒక్కటే కాదు, స్వలింగ ప్రేమను వ్యక్తం చేసే ఏ రకమైన శారీరక సాన్నిహిత్యమూ కూడదని దాని సారం. ఫిబ్రవరి 19న ఆ భాగం తీసేశారు. పిల్లలు నమ్మారు. చేతులు పట్టుకుని క్యాంపస్‌లో నడిచారు. బ్రిగం యంగ్ విగ్రహం ముందు ఇద్దరమ్మాయిలు ముద్దు పెట్టుకున్న ఫొటో ఊరంతా తిరిగింది. అప్పటిదాకా ఇంట్లో చెప్పనివాళ్ళు చెప్పారు. సరిగ్గా రెండు వారాలకు, మార్చి 4న, చర్చి విద్యాశాఖ కమిషనర్ పాల్ జాన్సన్ ఉత్తరం వచ్చింది. ఒకే లింగం వాళ్ళ ప్రేమ ప్రవర్తన నిత్య వివాహానికి (చనిపోయాక కూడా నిలుస్తుందని వాళ్ళు నమ్మే స్త్రీపురుషుల పెళ్ళికి) దారితీయదు కాబట్టి హానర్ కోడ్ సూత్రాలకు పొసగదని. అక్షరం మారింది కానీ అర్థం మారలేదని. పిల్లలు విద్యార్థి భవనం ముందు చేరి ఏడ్చారు, పాటలు పాడారు, రెండు రోజుల తర్వాత సాల్ట్ లేక్ సిటీలో చర్చి ప్రధాన కార్యాలయం ముందుకి వెళ్ళి నిలబడ్డారు. నాకైతే అన్నింటికంటే ఆ రెండు వారాలే గుండెల్లో గుచ్చుకుంటాయి. తలుపు మూసి ఉంటే మూసి ఉందని తెలుస్తుంది. తెరిచి, వాళ్ళు గడప దాటి బయటికొచ్చి అందరికీ కనిపించాక మూశారు.

2023 ఆగస్టులో కోడ్‌ని మళ్ళీ రాసినప్పుడు ఆ మాట సూటిగా పెట్టారు. నా కూతురు చదివింది అదే.

ప్రవర్తన అన్న మాట దగ్గర ఒక్క నిమిషం ఆగాలి. ప్రోవోలో సాయంత్రం బయటికి వెళ్తే ఎక్కడ చూసినా జంటలే. పెళ్ళిళ్ళు ఇక్కడ తొందరగా అవుతాయి, ఇరవై రెండేళ్ళకే ఉంగరాలు. ఐస్‌క్రీం షాపు ముందు ఒక కుర్రాడు అమ్మాయి భుజం మీద చెయ్యి వేసి నిలబడితే ముసలివాళ్ళు చూసి ముచ్చటపడతారు. అదే చెయ్యి, అదే భుజం, ఇద్దరూ అబ్బాయిలైతే అది ప్రవర్తన. అందరికీ ఒకటే నియమం, పెళ్ళిదాకా ఆగండి అన్నదే అని పెద్దలు అంటారు. ఒకరికి ఆగడమంటే నాలుగేళ్ళు. ఇంకొకరికి జన్మంతా. ఇది ఒకటే నియమం ఎలా అవుతుందో నా విశ్వాసంతో, నా బైబిలుతో కూర్చుని ఎంత ఆలోచించినా నాకు అర్థం కాలేదు.

రెండోది, బిషప్. మనకు బిషప్ అంటే ఎర్ర నడికట్టు కట్టుకుని ఏడాదికోసారి వచ్చే పెద్దమనిషి. వీళ్ళకు అలా కాదు. బిషప్ అంటే మన వీధిలో అకౌంటెంటో, పళ్ళ డాక్టరో. జీతం లేదు, సెమినరీ చదువు లేదు. కొన్నేళ్ళు ఆ పని అప్పజెబుతారు, తర్వాత ఇంకొకరికి. చాలామంది మంచివాళ్ళు. మేం కొత్తలో వచ్చినప్పుడు మంచు తోయడానికి పార పట్టుకొచ్చిన ఆయన ఒక బిషప్. కానీ ఆ యూనివర్సిటీలో చదివే ప్రతివాళ్ళూ ఏటేటా బిషప్ దగ్గర కూర్చుని, కోడ్ పాటిస్తున్నానని చెప్పి, ఎండార్స్‌మెంట్, అంటే ఆయన ఆమోదం, తెచ్చుకోవాలి. అది ఆయన వెనక్కి తీసుకుంటే చదువు ఆగిపోయినట్టే. మాలాంటి బయటి చర్చి పిల్లలైనా తమ పాస్టరు దగ్గరో, ఇక్కడి బిషప్ దగ్గరో తెచ్చుకోవాల్సిందే. ఇప్పుడు చెప్పండి, పద్దెనిమిదేళ్ళ పిల్ల రాత్రి నిద్రపట్టక, నాకిలా ఎందుకనిపిస్తోందని ఎవరితో చెప్పుకోవాలి? తన మతంలో అలా చెప్పుకోవడానికి ఉన్న మనిషి ఒకే ఒక్కరు. ఆ మనిషి చేతిలోనే డిగ్రీ ఉంది.

మూడోది, ఆ ప్రోత్సహించడం. 2016లో సాల్ట్ లేక్ ట్రిబ్యూన్ పత్రిక ఒక సంగతి బయటపెట్టింది. అత్యాచారం జరిగిందని ఫిర్యాదు చేసిన అమ్మాయిల్నే, ఆ వేళప్పుడు అక్కడెందుకున్నావు, తాగావా అని హానర్ కోడ్ ఆఫీసు విచారించిందని. ఆ వార్తలకు మరుసటి ఏడాది పులిట్జర్ బహుమతి వచ్చింది. యూనివర్సిటీ కూడా ఫిర్యాదు చేసినవాళ్ళ మీద కోడ్ కేసు పెట్టకూడదని నియమం మార్చింది. 2019లో వందల మంది పిల్లలు ఆ ఆఫీసు తీరు మీద క్యాంపస్‌లో నిరసన చేశారు. రూమ్మేట్లు, క్లాస్‌మేట్లు తమ మీద ఆ ఆఫీసుకి ఎలా చెప్పిచ్చారో ఒక్కొక్కరే బయటపెట్టారు. ఆ తర్వాత, ఆరోపణ ఏమిటో, వీలైనప్పుడు ఎవరు చేశారో కూడా, మొదటి మీటింగులోనే విద్యార్థికి చెబుతామన్నారు. అవి చదువుతుంటే నా కళ్ళు ఆ చెప్పిచ్చినవాళ్ళ మీదే ఆగిపోయేవి. వాళ్ళ ఫొటోలు ఎవరూ వెయ్యలేదు, వాళ్ళ సంగతి ఎవరూ రాయలేదు. వాళ్ళేమీ చెడ్డవాళ్ళు కాదని నాకు తెలుసు. బాగా పెరిగిన పిల్లలు. అబద్ధమాడనివాళ్ళు.

2021 మార్చి 4 రాత్రి మా ఆయన బాల్కనీలోంచి పిలిచారు. ప్రోవో తూర్పున కొండ మీద ఆ యూనివర్సిటీ గుర్తుగా తెల్ల సున్నం కొట్టిన పెద్ద వై అక్షరం ఉంటుంది, 380 అడుగుల పొడవు. స్నాతకోత్సవాలప్పుడు దాని చుట్టూ తెల్ల దీపాలు వెలుగుతాయి. ఆ రాత్రి రంగుల్లో వెలిగింది. ఎరుపు, నారింజ, పసుపు, ఆకుపచ్చ, నీలం, ఊదా, స్వలింగ ప్రేమికుల జెండా రంగులు. ఉత్తరం వచ్చి ఏడాదైన రోజు. పిల్లలు చీకట్లో కొండెక్కి, రంగు లైట్లు చేత్తో పట్టుకుని అక్షరం చుట్టూ నిలబడ్డారట. మా అమ్మాయికి అప్పుడు పన్నెండో పదమూడో. "ఎంత బాగుందో" అని ఫొటో తీసింది, ఫోన్‌లో చుక్కలు మాత్రమే పడ్డాయి. నేను అంతదూరం నుంచి ఆ చుక్కలు లెక్కపెట్టడానికి ప్రయత్నించాను, ఒక్కో చుక్క వెనక ఒక పిల్ల ఉంటుంది కదా అని. చెయ్యి అటూ ఇటూ కదిలినప్పుడు చుక్క కూడా కదిలింది. అనుమతి ఇవ్వలేదని యూనివర్సిటీ వెంటనే ప్రకటించింది. ఆ కొండ మీద నిరసనలు కుదరవని తర్వాత నియమం కూడా పెట్టింది. అదే ఏడాది ఆగస్టులో చర్చి పెద్దల్లో ఒకరైన జెఫ్రీ హాలండ్ అధ్యాపకులతో మాట్లాడుతూ, కుటుంబం గురించి చర్చి బోధను కాపాడడానికి తుపాకీ పేలుళ్ళు ఇంకా ఎక్కువ వినిపించాలన్న పోలిక వాడారు. పోలికే, నిజం తుపాకీ కాదు, ఒప్పుకుంటాను. కానీ ఆ కొండ మీద చుక్కల్లా నిలబడ్డ పిల్లలు ఆ మాట విన్నారు. 2024లో ఆ ప్రసంగాన్ని కొత్తగా చేరే పిల్లలకు తప్పనిసరి పాఠంలో పెట్టారు.

చట్టం ఏం చేస్తోందని మా అమ్మాయి అడిగింది. చదువులో లింగ వివక్ష కూడదన్న 1972 నాటి టైటిల్ నైన్ చట్టంలోనే మత సంస్థలకు మినహాయింపు ఉంది. దాన్ని సవాలు చేస్తూ వేర్వేరు మత విద్యాసంస్థల విద్యార్థులు 2021 మార్చిలో ఆరెగన్ రాష్ట్రంలో కేసు వేశారు. 2023లో కొట్టేశారు, 2024లో అప్పీలు కోర్టు కూడా దాన్నే ఖాయం చేసింది. మినహాయింపు నిలబడింది. ఇదే అమెరికాలో బాబ్ జోన్స్ యూనివర్సిటీ అని ఒకటుంది. నల్లవాళ్ళూ తెల్లవాళ్ళూ ప్రేమించుకోకూడదని వాళ్ళ నియమం, దానికి బైబిలే ఆధారమనేవారు. 1983లో సుప్రీం కోర్టు వాళ్ళ పన్ను మినహాయింపు తీసేయడం సరైనదేనంది. అయినా ఆ నియమాన్ని 2000 దాకా వదల్లేదు. కులాంతర ప్రేమకి ఉరితాళ్ళు చూసిన నేల నుంచి వచ్చినదాన్ని, ఆ వాదన నాకు కొత్తగా అనిపించలేదు. దేవుడి పేరు ఒక్కటే తేడా.

మన దగ్గర 2018 సెప్టెంబరు 6న సుప్రీం కోర్టు, స్వలింగ సంబంధాన్ని నేరమన్న సెక్షన్ 377 నుంచి ఈ ప్రేమను బయటికి తీసింది. అదే ఏడాది మార్చిలో కోల్‌కతాలో ఒక బాలికల స్కూల్లో పదిమంది అమ్మాయిల చేత తాము లెస్బియన్లమని కాగితం రాయించారని తల్లిదండ్రులు వెళ్ళి గొడవ చేశారు. ఆ వార్త చదివిన రోజు పనికి వెళ్ళలేకపోయాను. మళ్ళీ కాగితం. అక్కడ వాళ్ళ చేతే రాయించారు. మా దగ్గర నా చేత.

మా అమ్మాయి అన్నీ విని, చాలాసేపు ఏమీ అనలేదు. లాప్‌టాప్‌లో ఆ పేజీ మూసేసింది. "మన ఊళ్ళోదానికే పెడతా" అంది. ఓరెంలోనే యూటా వ్యాలీ యూనివర్సిటీ ఉంది, ప్రభుత్వానిది, అక్కడా యానిమేషన్ ఉంది. నేను వద్దనలేదు, ఔననలేదు. లేచి వెళ్తూ నా వైపు తిరిగి, "ఆమె ఇప్పుడెక్కడుంది?" అంది.

నాకు తెలీదన్నాను. తెలుసుకోవడానికి మాత్రం పెద్ద కష్టం లేకపోయింది. పాత విద్యార్థినుల వాట్సాప్ గ్రూపులో ఒకామె దగ్గర నంబరుంది. మూడు వారాలు ఆ నంబరు చూస్తూ గడిపాను. ఒక ఆదివారం రాత్రి, అక్కడ సోమవారం పొద్దున, చేశాను. జూనియర్ కాలేజీలో కామర్స్ చెబుతోందట. పేరు చెప్పగానే గుర్తుపట్టింది. "బాగున్నావా? తేడా ఇంకా తొమ్మిదితో భాగిస్తున్నావా?" అంది. గొంతు అలాగే ఉంది.

నేను నీళ్ళు నమలకుండా చెప్పేశాను. ఆ కాగితం రాసింది నేనే అని.

"తెలుసు" అంది. "సిస్టర్ నాకు చూపించింది. సంతకం మడిచి పెట్టింది కానీ, రాత నీదే. నీ ళ-కి తోక పొడుగు."

వాళ్ళు అన్న మాటలో ళ ఉంది. ఎన్నాళ్ళో మనసులో తిరగేసిన కాగితం, అది నాకు తట్టనే లేదు.

"నువ్వు విసురుతున్నావని రాయలేదు" అన్నాను. ఏడుస్తున్నాను అప్పటికే.

అవతల కాసేపు నిశ్శబ్దం. ఎక్కడో స్కూటర్ స్టార్టయిన చప్పుడు. "అవును. చాలా ఉక్కగా ఉందా రాత్రి" అంది. క్షమించానని గానీ, లేదని గానీ ఆమె అనలేదు. నేనూ అడగలేదు. అడిగే హక్కు నాకుందనిపించలేదు.

బెల్లు కొట్టారు, క్లాసుకి వెళ్ళాలంది. పెట్టేసే ముందు, "దానికి ఆ సంక్రాంతికే పెళ్ళి చేసేశారు, తెలుసా? పదిహేడు నిండలేదు" అంది.

తెలీదన్నాను.